ఎవరి దగ్గు, ఎట్లాంటి దగ్గు

పాపా,

దగ్గు సిరప్ ఇవ్వకుండా ఒక తల్లిని పంపించినందుకు మందుల షాపు ఓనరు కసిరినాడని బాధపడుతూ రాసినావు. నువ్వు చేసింది న్యాయమే. బిడ్డకు మూడేళ్లు, ఆమె అడిగింది క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందు. ఆ జోడీని నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని సీసా మీద అచ్చువేయాలని 2023 డిసెంబరులోనే ఔషధ నియంత్రణ అధికారులు చెప్పినారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కోల్డ్రిఫ్ అనే దగ్గు సిరప్ తాగి 20 మందికి పైగా పసివాళ్లు కిడ్నీలు చెడి చనిపోయినారు. 0.1 శాతం దాటకూడని డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషపదార్థం అందులో 48.6 శాతం తేలింది. ఓనరు తీరిగ్గా ఉన్నప్పుడు ఈ మాటలు మెల్లగా చెప్పు, ఎదురు తిరగొద్దు.

నాకు కోపం తెప్పించింది నీ రెండో ప్రశ్న. ‘ఏ సిరప్ బాగా పనిచేస్తుంది మామా?’ అని అడుగుతావా! ఎవరి దగ్గు, ఎట్లాంటి దగ్గు అని అడిగినాక కదా మందు పేరు ఎత్తాల. పడిశం వైరస్ వల్ల వస్తుంది. ఏ సిరప్పూ దాన్ని చంపదు, రోగం తనంతట తాను తగ్గేదాకా కాస్త సుఖం ఇస్తుంది, అంతే. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ మెదడు కింది భాగంలో దగ్గు పుట్టించే చోటును మందగింపజేస్తుంది. రాత్రంతా నిద్ర చెడగొట్టే పొడిదగ్గుకు అది. ఆంబ్రోక్సాల్, బ్రోమ్‌హెక్సిన్ తెమడను పలచన చేస్తాయి. మన పెద్దోళ్లు కషాయం కాచిన అడ్డసరం ఆకులోని పదార్థం నుంచే బ్రోమ్‌హెక్సిన్ పుట్టింది, తెలుసా? ఈ రెండు రకాలనూ ఒకే సీసాలో కలిపి అమ్మేవాళ్లున్నారు. కదిలిన తెమడ దగ్గితేనే కదా బయటికొచ్చేది! దగ్గునే అణిచేస్తే అది ఎక్కడికి పోవాల? లేబులు చదవకుండా సీసా చేతికివ్వొద్దని నేను పదేపదే పోరేది ఇందుకే.

ఇంకొకటి. నువ్వుండేది ఆదోనిలో. జిన్నింగు మిల్లుల్లో పత్తి దుమ్ము మింగుతూ పనిచేసేవాళ్లు నీ కౌంటరు దగ్గరికి వస్తారు. వాళ్లు దగ్గు మందు అడిగితే, ‘సెలవు తరవాత పనిలోకి పోయిన తొలిరోజు ఛాతీ బిగుస్తుందా?’ అని అడుగు. అవునంటే అది పడిశం కాదు. పత్తితో వచ్చే దుమ్ము, దాన్ని పట్టుకున్న సూక్ష్మజీవుల విషం ఊపిరిగొట్టాలను బిగించే జబ్బు. బిస్సినోసిస్ అంటారు. మొదట్లో సెలవు తరవాత ఒక్కరోజే కనిపిస్తుంది, ఏళ్లు గడిస్తే రోజూ వెంటాడుతుంది. సిరప్ తాగి మళ్లీ అదే దుమ్ములోకి పోతే ఆ మనిషికి ఏం మేలు? దుమ్ముకు దూరం కావాల, ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించుకోవాల. ఈ ప్రశ్న నువ్వు మరవకూడదనే ఇంత రాస్తున్నా. రెండు వారాలు దాటిన దగ్గును ఎవరిదైనా సర్కారు ఆసుపత్రికి పంపు, తెమడ పరీక్ష అక్కడ ఉచితం.

ఆ తల్లి మళ్లీ వస్తే, నిద్రపోయే ముందు చెంచా తేనె నాకించమను. ఏడాది లోపు బిడ్డకు మాత్రం తేనె అసలొద్దు. ఊపిరి వేగంగా తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పొమ్మను.

ఈసారి ఎమ్మిగనూరు వచ్చేటప్పుడు, మీ షాపులో ఎక్కువగా పోయే దగ్గు మందుల లేబుళ్లు ఉన్నవి ఉన్నట్టు రాసుకొని రా. ఒక్కొక్కటీ చూద్దాం.

మీ మామ