రోడ్డు దిద్దిన కారు

మెకానికల్ విద్యార్థినైన నాకు యంత్రం ఎలా పుట్టిందన్నదానికంటే ఎక్కడ విరిగిందన్నదే ఎక్కువ ఆసక్తి. ఆ దృష్టితోనే ఆస్ట్రేలియాలో 56 ఏళ్లు తయారైన ఫోర్డ్ ఫాల్కన్ కారు కథను పాఠకమిత్రుల ముందుంచుతున్నాను.

రెండవ ప్రపంచయుద్ధం తర్వాత ఆ దేశంలో కుటుంబానికి కారంటే హోల్డెన్ కారే. దానికి పోటీగా ఫోర్డు వారు మొదట బ్రిటిష్ జెఫర్‌ను తయారుచేద్దామనుకున్నారు. అమెరికాలో సిద్ధమవుతున్న ఫాల్కన్‌ను చూశాక మనసు మారింది. 1960లో మెల్బోర్న్ శివార్లలోని బ్రాడ్‌మెడోస్ కర్మాగారం నుంచి మొదటి ఫాల్కన్ వెలువడింది. ఆరు సిలిండర్ల ఇంజను, ఇంటిల్లిపాదికీ చోటు, ముచ్చటైన రూపం. ఇంకేం కావాలి?

కావలసింది బలం! అమెరికా తారురోడ్ల కోసం గీసిన బండి అది. ఆస్ట్రేలియా పల్లెల్లోనేమో కంకర దారులు, మట్టి దారులు. ముందుచక్రాల బాల్ జాయింట్లు ఆ కుదుపులకు తట్టుకోలేదు. బాల్ జాయింట్ అంటే మన తుంటి కీలు లాంటిదే, గిన్నెలో గుండు. చక్రం పైకీ కిందికీ ఆడాలన్నా, పక్కకు తిరగాలన్నా భారమంతా దానిమీదే. అది ఊడిందంటే చక్రం ఒరిగిపోయి బండి అక్కడే కూలబడుతుంది. కొన్నవాళ్ల నమ్మకం కూడా దాంతోపాటే కూలింది.

ఆ తర్వాత వచ్చిన మోడళ్లలో ఒక్కొక్క భాగాన్నీ గట్టిపరుస్తూ పోయారు. అయినా జనం నమ్మాలి కదా! 1965లో యూ యాంగ్స్ పరీక్షా మైదానంలో ఐదు ఫాల్కన్లను రాత్రింబవళ్లు తొమ్మిది రోజులు తిప్పారు. గంటకు సగటున 70 మైళ్లకు పైగా వేగం, అన్నీ కలిపి 70,000 మైళ్లు. కొన్ని బోల్తా కొట్టాయి. లేపి, బాగుచేసి మళ్లీ నడిపారు. ఇందులో ప్రచారం పాలు ఎక్కువే, డ్రైవర్ల ప్రాణాలతో చెలగాటం కూడానూ. కాని బండి నిలిచింది, పేరూ నిలిచింది.

అమెరికాలో ఫాల్కన్ 1970లోనే ఆగిపోయింది. ఆస్ట్రేలియాలో 1972 నాటికి పూర్తిగా స్థానిక రూపకల్పనతో కొత్త మోడల్ వచ్చింది. టాక్సీ అదే, పోలీసు బండి అదే.

మరి ఎందుకు ఆగింది? దిగుమతి సుంకం తగ్గుతూ తగ్గుతూ 2010కి 5 శాతానికి దిగింది. కుటుంబాలు చిన్న కార్లకూ ఎస్‌యూవీలకూ మళ్లాయి. ఆస్ట్రేలియాలో తమ ఖర్చు యూరప్‌కు రెట్టింపు, ఆసియాకు సుమారు నాలుగింతలని 2013లో కంపెనీయే చెప్పింది. 2016 అక్టోబరు 7న చివరి ఫాల్కన్, ఒక నీలం సెడాన్, బ్రాడ్‌మెడోస్‌లో బయటికొచ్చింది. మరుసటి ఏడాది అక్టోబరులో టొయోటా, హోల్డెన్ కర్మాగారాలు కూడా మూతపడ్డాయి.