మాత్రకూ బిడ్డకూ మధ్య దూరం

హెచ్.ఐ.వి. సోకిన పసిబిడ్డకు ఔషధమున్నదా? ఉన్నది. అయినను ఆ బిడ్డకు ప్రాణాపాయ మెందుకు కలుగుతున్నది? ఈ ప్రశ్నకు రసాయన శాస్త్రం సగం సమాధానమే చెప్పగలదు.

ముందుగా ఆ సగం. ఈ వైరస్ తన జన్యుపదార్థాన్ని మానవకణంలోని డి.ఎన్.ఏ.లో అతికించుకుంటుంది. ఆ పనికి తోడ్పడే ఎంజైము ఇంటిగ్రేజ్. దానిని అడ్డగించే ఔషధం డోలుటెగ్రవిర్. పూర్వం పసివారికిచ్చిన లోపినవిర్ ద్రావణం మిక్కిలి చేదు. అందులో ఆల్కహాలు 40 శాతానికి పైగా ఉండేది. 2020లో నీటిలో కరిగే, స్ట్రాబెరీ రుచిగల డోలుటెగ్రవిర్ మాత్రలకు ఒప్పందం కుదిరి, పిల్లల చికిత్స వ్యయం నాలుగింట మూడు వంతులు తగ్గింది. వీటి ఉత్పత్తిదారులలో ఒకటైన వయాట్రిస్ మూలాలు కొంతవరకు హైదరాబాదులోని మాట్రిక్స్ లాబొరేటరీస్‌లో ఉండడం మనకు ముదావహం.

అయితే మాత్ర ప్రతిదినమూ పడవలెను. తరచుగా మానివేస్తే రక్తంలో ఔషధ పరిమాణం తగ్గుతుంది. అప్పుడు వైరస్ మళ్ళీ వృద్ధిచెంది, ఔషధానికి లొంగని రూపాలను సంతరించుకొనవచ్చును. తల్లిదండ్రులు గతించిన ఇంట ఆ మాత్ర నిచ్చేదెవరు? చూపు మందగించిన అమ్మమ్మయా? పదమూడేళ్ళ అక్కయా?

ఇక్కడినుండి మిగిలిన సగం ఆరంభమవుతుంది. మన దక్షిణాఫ్రికాలో ఈ ఔషధాలు ప్రజలకు చేరడమే సంఘాల కృషి ఫలితం. 2000లో డర్బన్ మహాసభలో పదకొండేళ్ళ ఎన్‌కోసి జాన్సన్ గర్భవతులకు మందు ఇమ్మని వేడుకొన్నాడు. మరుసటి సంవత్సరం ఆ బాలుడు మరణించాడు. ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ తదితరులు వేసిన వ్యాజ్యంలో 2002లో రాజ్యాంగ న్యాయస్థానం, తల్లినుండి బిడ్డకు వ్యాధి సోకకుండా నెవిరపైన్ అందించవలెనని ప్రభుత్వాన్ని ఆదేశించింది.

ఇంటి గుమ్మం దాకా వెళ్ళే పనికి ‘ఇసిబిండి’ మంచి ఉదాహరణ. జులూ భాషలో ఆ మాటకు ధైర్యమని అర్థం. బాలల సంరక్షకుల జాతీయ సంఘం శిక్షణనిస్తుంది. స్థానిక సంస్థలు ఆ ఊరివారినే కార్యకర్తలుగా నియమిస్తాయి. ప్రభుత్వ సాంఘికాభివృద్ధి శాఖ తోడ్పడుతుంది. కార్యకర్త పిల్లల ఇంటికి వెళ్ళి వంటలో, చదువులో సాయపడుతుంది. జనన ధ్రువపత్రమూ, ప్రభుత్వ భృతీ ఇప్పిస్తుంది. ఏ ఒక్క సంస్థా ఒంటరిగా ఇవన్నీ చేయజాలదు.

చెరకుతోటల కాలంనుండి పరస్పర సహాయంతో నిలిచి, 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్న మనకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. వైద్యశాలకు వెళ్ళుటకు బండి, మందుతోపాటు ఒక పూట భోజనం, బడి రుసుము: ఇవి మన శక్తికి మించినవి కావు. కలిసి తిన్నా, ఆడుకొన్నా ఈ వ్యాధి సోకదని మన పిల్లలకు నేర్పుదాము. ఏ బిడ్డకు వ్యాధి ఉన్నదో ఆరా తీయకుండుట కూడా సహాయమే. మందు కనుగొనడం మావంటి వారి పని. ఆ మాత్ర నేటి సాయంకాలం బిడ్డ నోటికి చేరేటట్లు చూడడం మనందరి పని.