నీడ కొలిచే కర్ర



అంతరిక్ష విజ్ఞానం అనగానే బడిపిల్లల ముందు రాకెట్ నమూనానో, విడిభాగాలతో డబ్బాలో వచ్చే ఉపగ్రహపు కిట్‌నో పెట్టడం ఈ మధ్య ఎక్కువైంది. వాటిని తప్పుపట్టవలసిన పని లేదు గాని, బిగించడం ఒక నేర్పు, కొలవడం వేరొక నేర్పు అన్న తేడా తొమ్మిదో తరగతి విద్యార్థినికి ముందుగానే తెలియడం అవసరం. ఆకాశంలోకి వెళ్ళే ఏ వాహనమైనా కొలతల ఆధారంతోనే నడుస్తుంది. కొలవడం, వచ్చిన కొలతను అనుమానించడం, ఆ అనుమానాన్ని మరో కొలతతో తీర్చుకోవడం అనే పనులను బడి ఆవరణలో మీటరు పొడవున్న ఒక కర్రతోనే మొదలుపెట్టవచ్చు.

నిటారుగా నిలిపిన ఈ కర్రను ప్రాచీన గణిత జ్యోతిష గ్రంథాలు శంకువు అన్నాయి. నేల మట్టంగా ఉన్న చోటు చూసి, దారానికి బరువు కట్టి వేలాడదీసి, కర్ర ఎటూ ఒరగలేదని రూఢి చేసుకున్నాక, దాని మొదలు కేంద్రంగా ఒక వృత్తం గీయాలి. పొద్దున నీడ కొస వృత్తాన్ని తాకి లోపలికి వచ్చే చోటును, మధ్యాహ్నం దాటాక తిరిగి బయటికి పోయే చోటును గుర్తుపెట్టి, ఆ రెంటినీ కలిపితే తూర్పు పడమరల గీత వస్తుంది. శుల్బసూత్రాల కాలం నాటి ఈ పద్ధతికి దిక్సూచితో పని లేదు. ఆ గీతకు లంబంగా కర్ర మొదలు మీదుగా గీసిన గీత ఉత్తర దక్షిణాలను చూపుతుంది. నీడ దాని మీద పడిన క్షణమే ఆ ఊరి అసలు మధ్యాహ్నం.

ఆ క్షణంలో గడియారం పన్నెండు చూపించకపోతే తప్పు కర్రది కాదు. భారత ప్రామాణిక కాలాన్ని కాకినాడకు సమీపంగా సాగే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి లెక్కిస్తారు. హైదరాబాదు దానికి 4 డిగ్రీలు పడమరన ఉంది, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడి మధ్యాహ్నం సగటున 12 గంటల 16 నిమిషాలకు అవుతుంది. సగటున అనడానికి కారణం ఉంది. భూకక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం వల్లా, భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండడం వల్లా సూర్యుడు గడియారం కంటే కొన్నాళ్ళు ముందు, కొన్నాళ్ళు వెనుక నడుస్తాడు. ఈ తేడాను కాల సమీకరణం అంటారు. అందువల్ల హైదరాబాదులో నవంబరు మొదట్లో మధ్యాహ్నం దాదాపు పన్నెండింటికే అయితే, ఫిబ్రవరి నడుమ పన్నెండున్నరకు అవుతుంది. భూమి సూర్యుని చుట్టూ తిరిగే తీరు ఇలా మట్టి మీద గీతల్లో కనబడడం కన్నా మంచి ఖగోళ పాఠం మరొకటి దొరకడం కష్టం.

పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువ దినాల్లో, అంటే మార్చి 20, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో, మధ్యాహ్నపు నీడను కొలిస్తే ఊరి అక్షాంశం తెలుస్తుంది. పన్నెండు అంగుళాల శంకువుకు ఆనాడు పడే నీడను పూర్వులు పలభ అన్నారు. మీటరు కర్రకు హైదరాబాదులో ఆ నీడ సుమారు 31 సెంటీమీటర్లు. దాన్ని కర్ర పొడవుతో భాగించగా వచ్చే నిష్పత్తికి సరిపడే కోణం సుమారు 17.4 డిగ్రీలు; అదే ఆ ఊరి అక్షాంశం. అయితే సూర్యుడు బిందువు కాక అర డిగ్రీ వెడల్పున్న బింబం కాబట్టి, నీడ కొస దాదాపు సెంటీమీటరు మేర మసకబారి ఉంటుంది. ఆ ఒక్క సెంటీమీటరు తేడాతో అక్షాంశం అర డిగ్రీకి కాస్త పైగా, అంటే నేల మీద సుమారు 58 కిలోమీటర్లు, తప్పిపోతుంది. కర్ర కొసకు సూదిబెజ్జం పొడిచిన అట్టముక్కను అమర్చి, నేల మీద పడే చిన్న సూర్యబింబపు నడిమి బిందువును గుర్తించి, బెజ్జానికి సరిగ్గా కిందనున్న చోటు నుంచి కొలిస్తే తప్పు బాగా తగ్గుతుంది. ఈ పనిలో చూపు ఎప్పుడూ నేల మీదే ఉండాలి; సూర్యుణ్ణి నేరుగా చూడడం కళ్ళకు ప్రమాదం.

కొలతను అనుమానించడం ఎంత సున్నితమైన పనో శ్రీహరికోటలో జరిగిన ఒక ప్రయోగం చెబుతుంది. 2022 ఆగస్టు 7న ఎగిరిన రాకెట్, తొలి ఎస్‌ఎస్‌ఎల్‌వీ, 75 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది బాలికలు పాలుపంచుకున్న ఉపగ్రహం ఆజాదీశాట్‌ను మోసుకుపోయింది. రెండో దశ విడిపోతున్నప్పుడు పుట్టిన క్షణకాలపు ప్రకంపనలకు, వేగంలో మార్పును కొలిచే యాక్సిలరోమీటర్ల అంకెలు పరిధి దాటగా, రాకెట్లోని కంప్యూటరు ఆ పరికరాలే చెడిపోయాయని నిర్ణయించి వాటిని పక్కనపెట్టి నడిచింది. దాంతో 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు, ఒక కొస 76 కిలోమీటర్లకే దిగే దీర్ఘవృత్త కక్ష్య దక్కింది. అంత కిందికి దిగితే గాలి రాపిడి ఉపగ్రహాన్ని నిలవనీయదు. ఆ వైఫల్యం తర్వాత, 2023 ఫిబ్రవరి 10న రెండో ఉపగ్రహం ఆజాదీశాట్-2 కక్ష్య చేరింది. బాగున్న పరికరాన్ని చెడిందనుకోవడమూ, చెడినదాన్ని నమ్మడమూ రెండూ నష్టమే గనుక, కర్ర దగ్గర నిలబడిన విద్యార్థిని కూడా అంకె వింతగా తోచినప్పుడు దాన్ని కొట్టేయకుండా, గాలికి కర్ర కదిలిందా, నేల వాలిందా, టేపు వదులైందా అని పరిశీలించి, ఆ వివరమంతా పక్కనే రాయాలి. పుస్తకంలో ఉన్న 17.4 కోసం కొలతను సర్దడం మాత్రం ఎన్నడూ తగదు.

ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువికా అనే అంతరిక్ష విజ్ఞాన పరిచయ కార్యక్రమం తొమ్మిదో తరగతి పిల్లల కోసమే కాబట్టి దానికి దరఖాస్తు చేయడం మంచిదే. అవకాశం వచ్చినా రాకపోయినా కర్ర పని ఆగకూడదు. దాదాపు ఒకే రేఖాంశం మీదున్న ఆదిలాబాదులోనూ కడపలోనూ రెండు బడులు విషువ దినాన కొలిస్తే, ఒకచోట సుమారు 36, మరోచోట 26 సెంటీమీటర్ల నీడ పడుతుంది. ఆ రెండు కోణాల తేడా 5.2 డిగ్రీలు; రెండు ఊళ్ళ అక్షాంశాల నడుమ ఉత్తర దక్షిణ దూరాన్ని పటం మీద కొలిచి 360ని 5.2తో భాగించగా వచ్చిన సంఖ్యతో గుణిస్తే, భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్ల దరిదాపుల్లో తేలుతుంది. పూర్వం గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఈజిప్టులో చేసినది ఇటువంటి లెక్కే.

ఏడాదికి రెండు మార్లు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో, హైదరాబాదులో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. మే నెలలో సెలవులు గనుక డాబా మీద, ఆగస్టులో బడిలో కర్ర నిలిపి చూడాలి. నీడ కర్ర మొదట్లోకి ముడుచుకుపోయిన ఆ మధ్యాహ్నాన కొలతలు రాసుకునే పుస్తకంలోని గడిని ఖాళీగా వదలక, సమయం వేసి, అందులో సున్నా రాయాలి.