వెబ్‌సైట్ డిజైన్ నేర్చుకోవాలా? ఫోన్ స్క్రీన్‌తోనే మొదలుపెట్టండి

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. వీకెండ్స్‌లో కొంతమంది డిగ్రీ స్టూడెంట్స్‌కి వెబ్ డిజైన్ బేసిక్స్ చెబుతుంటాను. ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ల్యాప్‌టాప్ లేకుండా నేర్చుకోవచ్చా?"

నేర్చుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక కోడ్ ఎడిటర్ యాప్, ఒక బ్రౌజర్ ఉంటే మొదలుపెట్టడానికి చాలు. పైగా మీ పేజీని మీ ఇంట్లోవాళ్లు చూసేది కూడా ఫోన్‌లోనే కదా!

1. ఎవరి పని ఏంటి?

ఇది హెడ్డింగ్, ఇది పేరా, ఇది ఫొటో అని బ్రౌజర్‌కి చెప్పేది హెచ్‌టీఎంఎల్. వాటి రంగు, సైజు, మధ్య ఖాళీ చూసుకునేది సీఎస్ఎస్. అక్షరాలు పెద్దగా కనిపించాలని మాత్రమే హెడ్డింగ్ ట్యాగ్ వాడకండి. టాక్‌బ్యాక్‌తో పేజీ వినే చూపులేనివాళ్లు హెడ్డింగ్స్ పట్టుకునే ముందుకు వెళ్తారు. హెడ్డింగ్ తప్పైతే వాళ్లకు దారి తప్పినట్టే.

2. వ్యూపోర్ట్ ట్యాగ్ మర్చిపోవద్దు

ఇది లేకపోతే మొబైల్ బ్రౌజర్ మీ పేజీని డెస్క్‌టాప్ పేజీ అనుకుంటుంది. సాధారణంగా 980 పిక్సెల్స్ వెడల్పుతో గీసి, మొత్తం కుదించి చూపిస్తుంది. అక్షరాలు చీమల్లా కనబడతాయి. పేజీ వెడల్పు డివైస్ వెడల్పుకి సమానం అని ఈ ఒక్క మెటా ట్యాగ్‌లో చెబితే సరిపోతుంది.

3. తెలుగుకి కొంచెం చోటివ్వండి

క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని రాయండి, లేదంటే తెలుగు బదులు పిచ్చి గుర్తులు రావచ్చు. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లిష్‌కి సరిపోయే లైన్ హైట్ మనకి ఇరుకు. నేనైతే 1.6 నుంచి 1.8 వరకు పెడతాను.

4. ఫొటోలు, బటన్లు

ఫొటోకి మ్యాక్స్ విడ్త్ 100 శాతం ఇస్తే స్క్రీన్ దాటి పోదు. కెమెరా ఫొటో నేరుగా పెట్టకుండా సైజు తగ్గించండి, చూసేవాళ్ల డేటా మిగులుతుంది. బటన్ కనీసం 48 పిక్సెల్స్ ఎత్తు ఉంటే వేలికి సులువుగా అందుతుంది.

ఈ వారం హోమ్‌వర్క్

మీ వీధిలోని టైలర్ షాపుకి ఒక పేజీ చేయండి. పేరు, టైమింగ్స్, నొక్కగానే కాల్ వెళ్లే నంబర్, అంతే. తర్వాత ఫోన్ ఆ టైలర్ చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా చూడండి. ఆయన రెండు వేళ్లతో ఎక్కడ జూమ్ చేస్తే, మీరు సరిచేయాల్సింది అక్కడే.