రెయిడ్ సంపుటాలు : నిర్వహణ, మరమ్మతు

విశాఖపట్టణం ఓడరేవులోనికి 1933లో 'జలదుర్గ' అనే నౌక ప్రవేశించిన నాడు సరకుల లెక్కలన్నీ కాగితాల మీద, గుమాస్తాల దస్తూరీలో ఉండేవి. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరిలో శంకుస్థాపన జరిగిన నాటికి కూడా కాగితానిదే రాజ్యం. నేడు నౌక లంగరు వేసిన వేళ, దించిన బొగ్గు తూకం, సరకు తీసుకొనిపోయిన లారీ సంఖ్య, చెల్లించవలసిన సుంకం - ఇవన్నీ కంప్యూటరు హార్డు డిస్కులలో నిక్షిప్తమవుతున్నాయి. కాగితం చినిగితే ముక్కలైనా మిగులుతాయి, వాటిని అతికి చదువుకోవచ్చు. డిస్కు చెడితే చేతికి మిగిలేది ఒక లోహపు పెట్టె మాత్రమే.

హార్డు డిస్కు లోపల నున్నని పళ్ళేలు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతూ ఉంటాయి. వాటి ఉపరితలానికి అంటీ అంటకుండా, వెంట్రుక మందం కన్న ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో, చదివే శిరస్సు కదలాడుతుంది. ఇంత సున్నితమైన యంత్రం ఎప్పటికీ చెడదని భావించడం అవివేకం. ఏనాడో ఒకనాడు అది ఆగిపోతుంది. ఆనాడు లెక్కలు మిగలాలంటే ఏమి చేయాలన్నదే అసలు సమస్య.

ఈ సమస్యకు 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కట్జ్ అనే ముగ్గురు ఒక మార్గాన్ని ప్రతిపాదించారు. అధిక మూల్యం గల ఒక పెద్ద డిస్కుకు బదులు, చౌకగా లభించే చిన్న డిస్కులను కొన్నింటిని జట్టుగా కూర్చి, వాటిలో ఒకటి చెడినా మిగిలినవి ఆ లోటును పూడ్చేటట్లు అమర్చవచ్చునని వారు నిరూపించారు. ఆ కూర్పుకు వారు పెట్టిన పేరే 'రెయిడ్'. ఆ పేరులోని ఒక అక్షరం మొదట 'చౌకైన' అనే అర్థాన్ని ఇచ్చేది. తరువాత వ్యాపారులు దానిని 'స్వతంత్రమైన' అని మార్చుకొన్నారు. తాము అమ్మే వస్తువును చౌక అని పిలవడానికి ఏ వర్తకుడికి మనసొప్పుతుంది?

రెయిడ్‌లో పలు అంతరువులు ఉన్నాయి. రెయిడ్-1లో ఒక డిస్కులో వ్రాసినదే రెండవ దానిలోనూ వ్రాయబడుతుంది. ఇది అద్దంలో ప్రతిబింబం వంటిది. భద్రత ఉన్నది గాని సగం స్థలం దానికే పోతుంది. రెయిడ్-0 సమాచారాన్ని ముక్కలు చేసి డిస్కులన్నింటిలో పరుస్తుంది. వేగం పెరుగుతుంది. కాని ఒక్క డిస్కు చెడినా అంతా పోతుంది కనుక దానిని రక్షణ అనడం తగదు. రెయిడ్-5 ఈ రెండింటికీ మధ్యేమార్గం. ఒక్కొక్కటి 1 టెరాబైటు గల నాలుగు డిస్కులుంటే 3 టెరాబైట్ల సమాచారం పడుతుంది. ఒకదాని పాటి స్థలం 'పారిటీ' అనే లెక్కకు కేటాయించబడుతుంది. రెయిడ్-6లో అటువంటి లెక్కలు రెండు ఉంటాయి. కాబట్టి ఏకకాలంలో రెండు డిస్కులు చెడినా అది తట్టుకొంటుంది.

పారిటీ అనగానేమో తెలుగు విద్యార్థులకు ఛందస్సు ద్వారా సులభంగా బోధపడుతుంది. ప్రాస నియమం గల పద్యంలో నాలుగు పాదాలలోనూ రెండవ అక్షరం ఒకే హల్లుగా ఉంటుంది. తాళపత్రంలో మూడవ పాదపు రెండవ అక్షరాన్ని చెదపురుగు తినివేసినా, తక్కిన మూడు పాదాలను చూచి పరిష్కర్త ఆ హల్లును చెప్పగలడు. కంప్యూటరు చేసే పని ఇట్టిదే. సమాచారమంతా దానికి ఒకట్లు, సున్నలు. మూడు డిస్కులలో ఒకే స్థానంలో 1, 0, 1 ఉన్నాయనుకొందాం. వాటిలో ఒకట్ల సంఖ్య రెండు, అనగా సరిసంఖ్య. అప్పుడు నాలుగవ డిస్కులో పారిటీగా 0 వ్రాస్తుంది. బేసిసంఖ్య అయితే 1 వ్రాస్తుంది. మొత్తం మీద ఒకట్ల సంఖ్య ఎప్పుడూ సరిగానే ఉండాలన్నది నియమం. ఇప్పుడు రెండవ డిస్కు చెడినది. మిగిలినవి 1, 1, పారిటీ 0. ఒకట్లు ఇప్పటికే రెండు ఉన్నాయి కనుక పోయినది 0 కాక తప్పదు. అయితే సామ్యం ఇక్కడితో సరి. ప్రాస హల్లును మాత్రమే తెలుపుతుంది, పారిటీ ప్రతి స్థానాన్నీ తెలుపుతుంది. మరొక వైపు, ప్రాసాక్షరాలు రెండు పాదాలలో పోయినా ఊహించవచ్చు గాని, రెయిడ్-5లో రెండు డిస్కులు పోతే లెక్క తెగదు.

డిస్కులను నేరుగా వాడక, వాటి స్థలాన్నంతటినీ ఒక రాశిగా పోసి, అందులో నుండి కావలసినంత కొలిచి తీసుకొనే పద్ధతి మరొకటి ఉన్నది. అట్లు తీసిన భాగాలను 'లాజికల్ వాల్యూములు' అంటారు. తార్కిక సంపుటాలని చెప్పవచ్చు. లినక్స్‌లో ఈ సదుపాయాన్ని 1998లో హైంజ్ మావల్స్‌హాగెన్ రూపొందించాడు. గాదెలో పోసిన ధాన్యం ఏ పొలం నుండి వచ్చినదో వండుకొనేవారికి పట్టనట్లే, తార్కిక సంపుటాన్ని వాడేవారికి అది ఏ డిస్కులో ఉన్నదో తెలియనక్కరలేదు. మరమ్మతు చేసేవానికి మాత్రం తెలిసి తీరవలసినదే.

ఇక కమాండ్ లైన్ సంగతి. తెర మీద బొమ్మలను నొక్కి పని చేయడం సుఖమే. కాని యంత్రం చెడిన వేళ బొమ్మలు కనబడకపోవచ్చు. నల్లని తెర, మినుకుమనే గీత, చేతిలో కీబోర్డు - ఇంతే మిగులుతుంది. అప్పుడు ఆదేశాన్ని అక్షరాలలో వ్రాయగలవాడే పని నెరవేర్చగలడు. ఇందులో ఒక అపాయమూ ఉన్నది. డిస్కులకు యంత్రం ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ అని పేర్లు పెడుతుంది. చివరి ఒక్క అక్షరం పొరబడితే మంచి డిస్కు తుడిచివేయబడవచ్చు. పైగా యంత్రాన్ని ఆపి మళ్ళీ నడిపిస్తే ఆ పేర్లు తారుమారు కావచ్చును కూడా.

ఓడరేవు సమీపంలో సరకు రవాణా చూచే ఒక కార్యాలయాన్ని ఊహించండి. నాలుగు డిస్కుల రెయిడ్-5 సంపుటంలో లెక్కలున్నాయి. అర్ధరాత్రి ఒక డిస్కు ఆగిపోయినది. తెల్లవారితే నౌక బయలుదేరాలి, దాని పత్రాలన్నీ అందులోనే ఉన్నాయి. సంపుటం ఇంకా పని చేస్తూనే ఉన్నది గాని బలహీనపడినది. నైట్ డ్యూటీలో ఉన్న యువకుడు 'మూడవ డిస్కు చెడినది' అన్న సందేశం చూచి, మూడవ గూటిలోని డిస్కును ఊడదీశాడు. యంత్రం సున్న నుండి లెక్కిస్తుందని, అతడు ఒకటి నుండి లెక్కించాడని గుర్తించేసరికి రెండు డిస్కులు లేని సంపుటం ఆగిపోయినది.

ఇటువంటి పొరపాటు జరిగినప్పుడు కంగారు మరింత చేటు తెస్తుంది. తీసిన మంచి డిస్కులోని సమాచారం చెరిగిపోలేదు. దానిని మళ్ళీ అదే గూటిలో అమర్చి, సంపుటాన్ని ఆపి తిరిగి మేల్కొల్పితే లెక్కలు తరచుగా దక్కుతాయి. అంతేగాని సంపుటాన్ని కొత్తగా సృష్టించే ఆదేశాన్ని మాత్రం ఇవ్వరాదు. చేజేతులా సమాచారాన్ని పోగొట్టుకొనే సందర్భాలలో ఇది ఒకటి.

సరియైన క్రమం వేరు. మొదట 'ఎల్‌వీఎస్' అనే ఆదేశంతో సంపుటం ఆరోగ్యాన్ని, 'పీవీఎస్'తో ఏ డిస్కు కనబడకుండా పోయినదో తెలుసుకోవాలి. తరువాత బ్రతికి ఉన్న మూడు డిస్కుల క్రమసంఖ్యలను 'స్మార్ట్‌సీటీఎల్' ద్వారా చదివి కాగితం మీద వ్రాసుకోవాలి. గూళ్ళలోని డిస్కుల మీద ముద్రించిన సంఖ్యలతో పోల్చితే, జాబితాలో లేనిదే చెడినది. ఇక్కడ గూటి లెక్కతో పని లేదు. దాని స్థానంలో కొత్త డిస్కును అమర్చి, 'పీవీక్రియేట్'తో ముద్ర వేసి, 'వీజీఎక్స్‌టెండ్'తో జట్టులో చేర్చాలి. అప్పుడు 'ఎల్‌వీకన్వర్ట్' అనే ఆదేశానికి 'రిపేర్' అనే మాటను జోడించి సంపుటం పేరు చెబితే, యంత్రం మిగిలిన మూడింటిని చదివి నాలుగవ దానిని తిరిగి వ్రాయడం ప్రారంభిస్తుంది. పని పూర్తి అయిన పిమ్మట 'వీజీరెడ్యూస్'తో పాత డిస్కు పేరును పట్టీ నుండి కొట్టివేయాలి. ఆ ఆదేశం మొరాయిస్తే బలవంతపు మాటను చేర్చి ముందుకు నెట్టరాదు. ఏదో ఒక సంపుటం ఇంకా ఆ డిస్కును నమ్ముకొని ఉన్నదని దాని భావం.

తిరిగి వ్రాయడానికి ఎంత కాలం పడుతుంది? సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున 1 టెరాబైటు వ్రాయడానికి 10,000 సెకండ్లు, అనగా సుమారు 2 గంటల 47 నిమిషాలు. 4 టెరాబైట్లకు పదకొండు గంటలు. అదే వేళ కార్యాలయం పని కూడా సాగుతుంటే ఇంకా ఆలస్యం. ఈ వ్యవధిలో మరొక డిస్కు చెడితే రెయిడ్-5 రక్షించలేదు. ఒకే రోజున, ఒకే పెట్టెలో కొన్న డిస్కులు దాదాపు ఒకే వయసులో అలసిపోయే ప్రమాదమున్నది. పెద్ద డిస్కులకు రెయిడ్-6నే ఎంచుకోవడం మేలన్న అభిప్రాయం ఇందువల్లనే బలపడినది. ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులు నిర్మించారు. ఒకదానిని మరమ్మతుకు ఆపినప్పుడు తక్కినవి నడుస్తాయి, కాని ఉత్పత్తి తగ్గుతుంది. మరమ్మతు జరుగుతున్న సంపుటం కూడా అట్లే మందగిస్తుంది.

చెడిన తరువాత చూడడం కన్న ముందే పరీక్షించడం తేలిక. 'ఎల్‌వీఛేంజ్' ఆదేశంతో 'చెక్' అని కోరితే యంత్రం సమాచారాన్ని, పారిటీని పోల్చి, ఎన్ని చోట్ల పొసగలేదో లెక్క చెబుతుంది. వ్రాస్తున్న నడుమ విద్యుత్తు పోతే ఇట్టి పొసగనితనం ఏర్పడవచ్చు. ఐతే రెండు పాఠాలు విభేదించినప్పుడు ఏది శుద్ధపాఠమో యంత్రానికి తెలియదు. సి.పి. బ్రౌన్ ఒకే గ్రంథానికి అనేక ప్రతులు సేకరించి పండితులచేత పోల్పించింది ఈ చిక్కును తీర్చుకొనడానికే. యంత్రానికి అటువంటి పండితుడు లేడు. దాని చేత రెండింటినీ ఏకరూపం చేయించవచ్చు గాని, సత్యాన్ని నిర్ణయింపజేయలేము.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు గాలులు గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచాయి. విమానాశ్రయం దెబ్బతిన్నది. విద్యుత్తు, టెలిఫోను సౌకర్యాలు స్తంభించాయి. ఏళ్ళ తరబడి ఆగక తిరిగిన డిస్కు ఇట్టి సందర్భంలో ఒకసారి ఆగితే మళ్ళీ కదలకపోవచ్చు. గది పైకప్పే ఎగిరిపోతే నాలుగు డిస్కులూ ఒక్కసారే తడుస్తాయి. పారిటీ అప్పుడు ఎందుకూ కొరగాదు. ఎవరైనా పొరపాటున ఒక దస్త్రాన్ని తుడిచివేసినా రెయిడ్ అడ్డుపడదు, అన్ని డిస్కులలోనూ విధేయంగా తుడిచివేస్తుంది. అందుచేత సమాచారానికి వేరొక ఊరిలో మరొక ప్రతి ఉండాలి. దానితోపాటు డిస్కుల కూర్పును వివరించే చిన్న పట్టీని కూడా అక్కడ దాచాలి. లినక్స్ ఆ పట్టీని మామూలు అక్షరాలలోనే వ్రాసి ఉంచుతుంది. అవసరమైనప్పుడు 'వీజీసీఎఫ్‌జీరిస్టోర్' అనే ఆదేశం దానిని చదివి పాత కూర్పును నిలబెడుతుంది. ఆ పట్టీ ఉన్న డిస్కే చెడితే మాత్రం దానిని చదివేదెట్లా?

ప్రశ్నలు

1. పారిటీ పద్ధతిని ఛందస్సులోని ప్రాసతో పోల్చి వివరించండి. ఆ పోలిక ఎక్కడ కుదరదో తెలపండి.
2. నైట్ డ్యూటీలోని యువకుడు చేసిన పొరపాటు ఏమిటి? అతడు అనుసరించవలసిన క్రమాన్ని మీ మాటలలో వ్రాయండి.
3. రెయిడ్ ఉన్నప్పటికీ వేరొక ఊరిలో ప్రతి ఎందుకు ఉండాలి?
4. 2 టెరాబైట్ల డిస్కును సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో తిరిగి వ్రాయడానికి ఎంత కాలం పడుతుందో లెక్కకట్టండి.