స్పేసర్ కొనే ముందు స్కేలు పట్టండి

విజయవాడ ఆటోనగర్‌లో చక్రాల పని చేస్తూనే తల నెరిసినవాణ్ని. ఇప్పటి కుర్రాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది: "బాబాయ్, చక్రాలు లోపలికి నక్కినట్టున్నాయి, స్పేసర్లు వేయించమంటావా?" హబ్బుకూ చక్రానికీ మధ్య పెట్టే బిళ్లే స్పేసర్. వేయించాలో వద్దో మన ముచ్చట చెప్పదు, కొలతలు చెబుతాయి. ఆ కొలతల గురించి నాకు తెలిసింది వరుసగా చెబుతాను.

1. ముందు అవసరం తేల్చుకోండి.
వెడల్పు టైరు లోపలివైపు స్ట్రట్‌కు ఒరుసుకుంటున్నా, పెద్ద బ్రేక్ క్యాలిపర్ రిమ్ముకు తగులుతున్నా స్పేసర్‌కు పని ఉన్నట్టే. చూపు కోసమే అయితే ఆ డబ్బు దాచుకుని, తగిన ఆఫ్‌సెట్ (రిమ్ము నడిమి నుంచి హబ్బుకు ఆనే ముఖానికి ఉన్న దూరం) ఉన్న అల్లాయ్ వీల్స్ కొనండి. అప్పుడైనా చక్రం బయటికే వస్తుంది, కానీ హబ్బుకూ చక్రానికీ మధ్య అదనపు ముక్క ఉండదు.

2. ఆఫ్‌సెట్ లెక్క వేసుకోండి.
చాలా రిమ్ములకు లోపలివైపు 'ఈటీ 45' లాంటి అంకె ఉంటుంది; ఆఫ్‌సెట్ 45 మి.మీ. అని దాని అర్థం. 15 మి.మీ. స్పేసర్ వేస్తే అది 30కి దిగుతుంది. రెండు పక్కలా వేస్తే చక్రాల మధ్య దూరం 30 మి.మీ. పెరుగుతుంది.

3. ఖాళీ బండి మీద కొలత చాలదు.
నలుగురిని కూర్చోబెట్టి, డిక్కీ నింపి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడండి. షెడ్డులో ఫెండర్‌కు తగలని టైరు, నిండు బండితో స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు తగలవచ్చు.

4. నట్టు ఎన్ని చుట్లు పడుతోందో లెక్కపెట్టండి.
ప్రాణం నిలబడేది ఇక్కడే. స్టడ్ ఎంత లావుంటే కనీసం అంత పొడవున నట్టు మరలు పట్టాలన్నది మా పనిలో పద్ధతి. మారుతి స్విఫ్ట్‌కు 12 మి.మీ. స్టడ్లు, మరకూ మరకూ మధ్య 1.25 మి.మీ. అంటే దాదాపు పది చుట్లు పడాలి. 5 మి.మీ. బిళ్ల జొనిపితే అందులో నాలుగు చుట్లు పోతాయి. లెక్క తగ్గితే పొడవు స్టడ్లు మార్పించండి, లేదా ఆలోచన మానుకోండి. బోల్టులతో బిగించే యూరప్ కార్లకు స్పేసర్ మందమెంతో అంత పొడవు పెరిగిన బోల్టులు కావాలి. పోర్షే కంపెనీ 911కు 5 మి.మీ. స్పేసర్లను తానే ఇచ్చినప్పుడు పొడవైన బోల్టులు కూడా జత చేసింది.

5. హబ్బు మీద సరిగ్గా కూర్చోవాలి.
స్విఫ్ట్ హబ్బు కొలత 54.1 మి.మీ. స్పేసర్ రంధ్రం దానికి సరిపోవాలి, స్పేసర్ బయటి అంచు రిమ్ము రంధ్రంలో ఒదగాలి. వదులుంటే వేగం పెరిగేసరికి స్టీరింగ్ వణుకుతుంది. సొంత స్టడ్లున్న మందపాటి రకమైతే, కారు స్టడ్ల కొనలు స్పేసర్ దాటి బయటికొచ్చి రిమ్మును ఆపుతాయేమో చూడండి.

6. బేరింగు మోసే బరువును తలచుకోండి.
నీళ్ల బిందెను చంకన పెట్టుకుని నడవడం వేరు, చెయ్యి చాచి పట్టుకుని నడవడం వేరు. చక్రం బయటికి జరిగిన కొద్దీ బేరింగుకు జరిగేది అదే. ముందు చక్రాలకైతే గుంత తగిలినప్పుడల్లా స్టీరింగ్ చేతిని లాగుతుంది. మన రోడ్ల మీద ఇది చిన్న విషయం కాదు.

7. బిగింపు ఒక్కసారితో అయిపోదు.
హబ్బు తుప్పును వైరు బ్రష్షుతో గీకాలి. ఎయిర్ గన్‌తో వదిలేయనివ్వకండి, కారు పుస్తకంలో రాసిన టార్క్‌కు టార్క్ రెంచ్‌తో బిగించమనండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించండి. సొంత స్టడ్ల రకమైతే చక్రం విప్పి లోపలి నట్లు కూడా చూడాలి.

8. చట్టాన్నీ బీమానూ ముందే అడగండి.
1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చవద్దంటుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. ఆర్టీఏను, బీమా కంపెనీని ముందుగా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ ఎనిమిదింటిలో ఒక్కదానికి జవాబు దొరకకపోయినా స్పేసర్ వేయించకండి. అన్నిటికీ దొరికితే మంచి సరుకు, మంచి మెకానిక్‌ను చూసుకుని నిశ్చింతగా వేయించుకోండి. ఆ కారులో ఎక్కేది మీరొక్కరే కాదు, మీ ఇంటిల్లిపాదీ.