పూల్ లీగ్‌లో చేరుతున్నారా? ముందు ఏ రూల్‌బుక్కో అడగండి

అమెరికాలో ఆఫీసు స్నేహితులతో కలిసి వారానికో రాత్రి పూల్ లీగ్ ఆడదామనుకునే మనవాళ్ల కోసం ఈ చిట్కాలు. బల్ల అదే, బంతులూ అవే, ఆట పేరూ ఎయిట్ బాలే. కానీ ఒక లీగ్‌లో ఆట గెలిపించిన షాట్ ఇంకో లీగ్‌లో గెలిపించదు. క్యారమ్స్‌లో రెడ్ వేశాక ఫాలో ఉండాలా వద్దా అని ఇంటికో పద్ధతి ఉన్నట్టే ఇదీ. కాకపోతే ఇక్కడ ప్రతి పద్ధతికీ అచ్చువేసిన పుస్తకం ఉంది.

1. డబ్బు కట్టకముందే లీగ్ పేరు, దాని రూల్‌బుక్ పేరు అడగండి. ఎక్కువగా వినిపించే పేరు ఏపీఏ (అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్). టెర్రీ బెల్, లారీ హబ్బర్ట్ అనే ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్లు 1979లో మొదలుపెట్టారు. బీసీఏ పూల్ లీగ్‌ను క్యూస్పోర్ట్స్ ఇంటర్నేషనల్ నడుపుతుంది, దాని పుస్తకం దానిది. ఇవి కాక డబ్ల్యూపీఏ (వరల్డ్ పూల్-బిలియర్డ్ అసోసియేషన్) వారి ప్రపంచ రూల్స్ ఉన్నాయి. మీ ఊళ్లో లీగ్ నడిపేవాళ్లు పెట్టుకున్న సొంత నియమాల కాగితం కూడా తీసుకోండి.

2. పాకెట్ చెప్పి కొట్టాలా, అక్కర్లేదా? ఏపీఏ ఎయిట్ బాల్‌లో నల్లబంతికి తప్ప చెప్పక్కర్లేదు. మీ బంతి అటూ ఇటూ తగిలి అనుకోని పాకెట్‌లో పడ్డా మీ వంతు కొనసాగుతుంది. ప్రపంచ రూల్స్‌లో, బీసీఏలో మాత్రం ఏ బంతి ఏ పాకెట్‌లోకో ముందే తెలియాలి. ఎదురుగా కనిపించే తిన్నని షాట్‌కి నోరు విప్పకపోయినా ఫర్వాలేదు కానీ, బల్ల అంచుకి కొట్టి తిప్పే బ్యాంక్ షాట్‌కి తప్పక చెప్పండి. అదృష్టంతో పడిన బంతిని కొందరు చిన్నచూపు చూస్తారు. కొత్తవాళ్లు కూడా ఆశగా ఆడగలిగేది ఆ ఏపీఏ రూల్ వల్లే అని నా అభిప్రాయం.

3. క్యూ సంచిలో ఒక కోస్టర్ పడేసుకోండి. ఏపీఏలో నల్లబంతి కొట్టేముందు ఆ పాకెట్ దగ్గర గుర్తు పెట్టాలి, నోటితో చెబితే చాలదు.

4. అన్నిటికన్నా ఎక్కువ గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. మీ ఏడు బంతులూ అయిపోయాయి, నల్లబంతి మూల పాకెట్‌కి జానెడు దూరంలో ఉంది. ఎదుటివాళ్లవి ఇంకా ఐదు బల్లమీదే ఉన్నాయి. మీరు కొట్టారు. నల్లబంతి అంచుకి తగిలి ఆగిపోయింది, తెల్లబంతి మాత్రం దొర్లుకుంటూ పోయి ఎదురు పాకెట్‌లో పడింది. ప్రపంచ రూల్స్‌లో అది మామూలు ఫౌలే. ఎదుటివాళ్లు తెల్లబంతిని తమకు నచ్చినచోట పెట్టుకుని ఆడతారు, ఆట సాగుతుంది. ఏపీఏలో అక్కడితో ఆట మీ చేజారినట్టే. అందుకే ఏపీఏలో నల్లబంతి కొట్టేటప్పుడు ముందు తెల్లబంతి ఎక్కడ ఆగుతుందో చూసుకోండి, ఆ తర్వాతే పాకెట్ సంగతి.

5. బ్రేక్‌లో బంతి పడిందని తొందరపడొద్దు. ఏపీఏలో ఒక్క సాలిడ్ (చారల్లేని నిండు రంగు బంతి) పడితే మీరిక సాలిడ్స్‌వాళ్లే. రెండు రకాలూ పడితేనే ఎంచుకునే వీలు. ప్రపంచ రూల్స్‌లో ఏం పడినా బ్రేక్ తర్వాత బల్ల ఓపెనే. బ్రేక్‌లో నల్లబంతి పడితే ఏపీఏలో గెలుపు, దానితోపాటు తెల్లబంతీ పడితే ఓటమి. ప్రపంచ రూల్స్‌లో ఈ రెండూ లేవు.

6. సేఫ్టీ, అంటే ఎదుటివాళ్లకి మంచి షాట్ దొరక్కుండా ఆడుతుంటే ఆ మాట పైకి అనండి. ప్రపంచ రూల్స్‌లో ‘సేఫ్టీ’ అని చెప్పి మీ బంతి వేసినా వంతు అవతలివాళ్లకే వెళ్తుంది, కొన్నిసార్లు మీకు కావాల్సింది అదే. ఏపీఏలో బంతి పడితే మీరే ఆడాలి.

7. నైన్ బాల్ అయితే పుష్ అవుట్ (బ్రేక్ అయిన వెంటనే తెల్లబంతిని ఎటైనా నెట్టే వీలు) ఉందా, వరుసగా మూడు ఫౌళ్లకి ఓటమి ఉందా అని అడగండి. ప్రపంచ రూల్స్‌లో రెండూ ఉన్నాయి, ఏపీఏలో రెండూ లేవు. ఏపీఏలో లెక్క పాయింట్లలో సాగుతుంది: ఒకటి నుంచి ఎనిమిది దాకా బంతికో పాయింట్, తొమ్మిదికి రెండు. లీగ్ ఒక్కొక్కరి నైపుణ్యాన్ని బట్టి లెవెల్ ఇస్తుంది; గెలవడానికి ఒకటో లెవెల్ ఆటగాడికి 14 చాలు, తొమ్మిదో లెవెల్‌కి 75 కావాలి.

8. హ్యాండీక్యాప్‌ని ముందే అర్థం చేసుకోండి. ఏపీఏ ఎయిట్ బాల్‌లో లెవెల్స్ 2 నుంచి 7 దాకా. ఒక రాత్రి ఆడే ఐదుగురి మొత్తం 23 దాటకూడదు. అందువల్ల జట్టుకి కొత్త ఆటగాళ్లు నిజంగా అవసరం. మీ ఆవిడనో తమ్ముణ్ణో మొహమాటం లేకుండా చేర్చండి. బీసీఏ వాడే ఫార్గోరేట్ అనే రేటింగ్ పద్ధతిలో 100 పాయింట్ల తేడా ఉంటే, బలమైనవారు రెండు ఆటలు గెలిచేసరికి రెండోవారు ఒకటి గెలుస్తారని అంచనా.

9. టైమౌట్ అడగడానికి సిగ్గుపడకండి. ఏపీఏలో మూడో లెవెల్ దాకా ఆటకి రెండు, ఆపైవాళ్లకి ఒకటి. నిమిషంలో సలహా ముగియాలి.

10. చొక్కా చేతులు మడుచుకోండి. చేయి తగిలి రంగు బంతి జరిగితే ఏపీఏలో ఎదుటివారే దాన్ని మళ్లీ దాని చోట పెడతారు. జరిగిన ఆ బంతి తెల్లబంతికి తగిలితే మాత్రం ఫౌల్. రిఫరీ ఉన్న పోటీల్లో ప్రపంచ రూల్స్ ప్రకారం బంతిని తాకడమే ఫౌల్.

11. దగ్గరదగ్గరగా ఉన్న బంతుల మీద కొట్టేముందు ఆగి, రెండు జట్లకీ నమ్మకమైన మనిషిని పక్కన నిలబడి చూడమనండి. షాట్ అయ్యాక ఎవరినడిగినా తమ జట్టువైపే మాట్లాడతారు.